కంప్యూటర్ ఆగిపోతుంటే తప్పు హార్డ్‌వేర్‌దా, సాఫ్ట్‌వేర్‌దా: ఫార్మాట్‌కు ముందు చూడవలసినవి

మీరు చెప్పిన విషయాన్ని ముందుగా క్లుప్తంగా తిరిగి చెబుతాను, ఎందుకంటే జవాబులో సగం అందులోనే ఉంది. కూకట్‌పల్లిలోని మీ ఫ్లాట్‌లో మూడేళ్ల కిందట విడిభాగాలు కొని కట్టించుకున్న డెస్క్‌టాప్ ఉంది. అందులో 12వ తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 3600 వేగం అని పెట్టె మీద రాసి ఉన్న 8 జీబీ డీడీఆర్4 ర్యామ్‌లు రెండు, ఒక గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె) ఉన్నాయి. ఏప్రిల్ నుంచి అది మూడు రకాలుగా ఇబ్బంది పెడుతోంది. ఒక్కోసారి గేమ్ మధ్యలో ఏ సందేశమూ లేకుండా ఆరిపోయి తనంతట తానే మళ్లీ మొదలవుతోంది. ఒక్కోసారి బ్లూ స్క్రీన్ వస్తోంది. ఒక్కోసారి బ్రౌజరో గేమో మాత్రం మూసుకుపోయి, విండోస్ మామూలుగానే నడుస్తోంది. ఒక దుకాణంలో మదర్‌బోర్డు పోయిందన్నారు, మరొక చోట ఫార్మాట్ కొడితే సరిపోతుందన్నారు. ఈ రెండింటిలో ఏది నిజమని మీరు అడిగారు.

రెండూ పరీక్షించకుండా అన్న మాటలే. నా అభిప్రాయంలో మీ కంప్యూటర్‌కు ఉన్నది ఒక జబ్బు కాకపోవచ్చు; మూడు లక్షణాలకూ ఒకే కారణాన్ని వెతకడం వల్లనే ఇద్దరూ రెండు దిక్కులకు పోయారు. మదర్‌బోర్డు మార్చడం అన్నిటికన్నా చివర చేయవలసిన పని. ఫార్మాట్ విషయానికి వస్తే, ఇప్పుడు దాన్ని చేయడం దొంగతనం జరిగిన ఇంటిని పోలీసులు రాకముందే కడిగేయడం లాంటిది. ఏ రోజు ఏ సమయానికి ఎలా ఆగిందో విండోస్ రాసిపెట్టుకున్న చిట్టా మొత్తం దానితో పోతుంది. పైగా ఫార్మాట్ తరువాత కొన్ని రోజులు కంప్యూటర్ బాగానే నడిచినా, దాన్నిబట్టి తప్పు సాఫ్ట్‌వేర్‌దే అనడానికి వీలు లేదు. చెడిన ర్యామ్ విండోస్ ఫైళ్లను కూడా పాడు చేస్తుంది. కొత్త ఫైళ్లు వేసినప్పుడు కొంతకాలం నెమ్మదించి, అవి కూడా పాడైనప్పుడు మళ్లీ మొదలవుతుంది. ‘రెండు నెలలకోసారి ఫార్మాట్ చేయిస్తే గానీ నడవదు’ అని కొందరు చెప్పే కంప్యూటర్ల వెనుక చాలాసార్లు ఉన్నది ఇదే.

మొదట ఆగిపోయే తీరును వేరు చేసి చూడాలి. ఒక ప్రోగ్రాము మాత్రమే మూసుకుపోతే, అది ప్రతిసారీ అదే ప్రోగ్రాము అయితే, అదీ అదే పని చేస్తున్నప్పుడు అయితే, సందేహం ఆ ప్రోగ్రాము మీదికే పోవాలి. ఈరోజు బ్రౌజరు, రేపు గేము, ఎల్లుండి జిప్ ఫైలు విప్పుతుండగా పొరపాటు సందేశం, ఇలా సంబంధం లేని ప్రోగ్రాములు వంతులవారీగా పడిపోతుంటే అవన్నీ కలిసి వాడుకునే వస్తువు మీద, అంటే ర్యామ్ మీద, ప్రాసెసర్ మీద, డిస్కు మీద చూపు పెట్టాలి. బ్లూ స్క్రీన్ (ఇటీవలి విండోస్ 11లో అది నల్ల తెర అయింది) వచ్చిందంటే, విండోస్ తనలో ఏదో తప్పును గుర్తించి, నష్టం పెరగకుండా తనను తాను ఆపుకున్నదని అర్థం. ఆ తప్పు డ్రైవరుది (ఒక హార్డ్‌వేర్ భాగాన్ని విండోస్‌తో కలిపి నడిపించే ప్రోగ్రాముది) కావచ్చు, హార్డ్‌వేర్‌ది కావచ్చు. ఏ తెరా రాకుండా ఒక్కసారిగా ఆరిపోతే మాత్రం విండోస్‌కు ఆ సంగతి తెలియనే లేదు. అలాంటి చోట సాఫ్ట్‌వేర్‌ను నిందించడం చాలా అరుదుగా నిజమవుతుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. బ్లూ స్క్రీన్ క్షణంలో మాయమై రీస్టార్ట్ అయినా చూసేవారికి ఆరిపోయినట్టే ఉంటుంది. అందువల్ల సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగులలో ‘ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ చేయి’ అన్న టిక్కును ఈరోజే తీసేయండి. ఇక మీదట బ్లూ స్క్రీన్ వస్తే అది అక్కడే నిలిచి ఉంటుంది.

తరువాత ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చిట్టాను చూడండి. మీకు కర్నెల్-పవర్ పేరుతో 41వ సంఖ్య ఉన్న ఎర్రర్లు కనిపించే ఉంటాయి. దీన్ని చూసి ‘పవర్ అని రాసి ఉంది కనుక ఎస్‌ఎంపీఎస్ పోయింది’ అని తేల్చేవారు ఉన్నారు, కానీ ఆ ఎర్రర్ చెప్పేది ఒక్కటే: కిందటిసారి కంప్యూటర్ సక్రమంగా షట్‌డౌన్ కాలేదు. అసలు సమాచారం దాని డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్‌కోడ్ అనే వరుసలో ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ రాసుకునే వ్యవధి కూడా విండోస్‌కు దొరకలేదని, అంటే కరెంటు తెగిందనో, పూర్తిగా బిగుసుకుపోతే మీరే బటన్ నొక్కి ఆపారనో అర్థం. బటన్‌ను నొక్కి పట్టి ఆపిన సందర్భంలో అదే చోట పవర్‌బటన్‌టైమ్‌స్టాంప్ వరుసలో సున్నా కాని సంఖ్య ఉంటుంది కనుక ఈ రెండింటినీ వేరు చేయవచ్చు. బగ్‌చెక్‌కోడ్ సున్నా కాకపోతే అది బ్లూ స్క్రీన్ సంఖ్య. ఇక్కడ దశాంశ పద్ధతిలో ఉంటుంది, తెర మీద హెక్సాడెసిమల్‌లో ఉంటుంది కనుక రెండూ వేరుగా కనిపిస్తాయి. 292 అని ఉంటే అది తెర మీద 124గా కనిపించే డబ్ల్యూహెచ్‌ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్, అంటే ప్రాసెసరో, భాగాల మధ్య సమాచారం పారే దారి అయిన బస్సో తనంతట తాను ఫిర్యాదు చేసిన సందర్భం; దీనికి హార్డ్‌వేరో, బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాము) సెట్టింగులో కారణం కావడమే ఎక్కువ. 278 అయితే గ్రాఫిక్స్ కార్డు ఇచ్చిన గడువులో బదులు చెప్పలేదని. 122 అయితే డిస్కు నుంచి చదవవలసిన పేజీ చదవబడలేదని. 26 అయితే మెమరీ లెక్క తప్పిందని.

ఈ సంఖ్యలలో ఏ ఒక్కదాన్నీ తీర్పుగా తీసుకోకండి. ఒక్కో సంఖ్య కన్నా వాటి వరుస ఎక్కువ చెబుతుంది. సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో మినీడంప్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులోని ఫైళ్లను, అంటే క్రాష్ అయిన క్షణంలో విండోస్ రాసుకున్న డంపులను, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విన్‌డీబీజీతో గానీ, నిర్‌సాఫ్ట్ వారి బ్లూస్క్రీన్‌వ్యూతో గానీ తెరిచి చూడండి. నాలుగైదు డంపులలో అదే సంఖ్య, అదే డ్రైవరు పేరు తిరిగి తిరిగి వస్తే సాఫ్ట్‌వేర్ వైపు మొగ్గవచ్చు. ప్రతిసారీ కొత్త సంఖ్య, ప్రతిసారీ కొత్త పేరు అయితే ర్యామ్‌నో, దాని వేగం సెట్టింగునో అనుమానించాలి. ఎన్‌టీఓఎస్‌కర్నెల్ పేరు కనిపించినప్పుడు దాన్ని పట్టించుకోనవసరం లేదు, అది విండోస్ కర్నెల్, అంటే విండోస్ కేంద్ర భాగం. తప్పు ఎక్కడ జరిగినా పట్టుబడేది చాలాసార్లు అక్కడే. మరొక చిన్న సంగతి కూడా పనికివస్తుంది. బ్లూ స్క్రీన్ కళ్లారా చూశారు, కానీ ఫోల్డర్‌లో డంపు లేదు, తెర మీద శాతం సున్నా దగ్గరే ఆగిపోయింది అంటే, రాసుకోవడానికి ఆ క్షణంలో డిస్కే అందుబాటులో లేకపోయి ఉండవచ్చు. అప్పుడు ఎస్‌ఎస్‌డీని, దాని స్లాట్‌ను ముందు చూడాలి.

ఇప్పుడు మీ మొదటి లక్షణం, అంటే గేమ్ మధ్యలో ఆరిపోవడం. మీ ఇంట్లో కంప్యూటర్ ప్లగ్గు ఇన్వర్టర్ లైను మీద ఉందని మీరు చివర్లో ఒక్క ముక్కగా రాశారు. నాకు మాత్రం అదే అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది. ఏప్రిల్, మే నెలల్లో నగరంలో ఏసీలన్నీ ఒకేసారి నడిచే వేళ వోల్టేజి పడిపోవడం, రెండు సెకన్లు కరెంటు పోయి రావడం మనందరికీ అనుభవమే. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ఖాళీని ఎస్‌ఎంపీఎస్ తనలోని కెపాసిటర్లలో నిలవ ఉన్న శక్తితో దాటాలి. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం పూర్తి లోడు మీద అది నిలబడవలసిన వ్యవధి సుమారు 16, 17 మిల్లీసెకన్లు మాత్రమే. లైట్లకూ ఫ్యాన్లకూ సరిపోయే సాధారణ మోడ్‌లో ఉన్న ఇన్వర్టరు అంతకన్నా ఎక్కువ సమయం తీసుకోవచ్చు. తక్కువ లోడు మీద అదే కెపాసిటర్లు ఎక్కువసేపు ఆదుకుంటాయి. కనుక బ్రౌజింగ్ చేస్తున్నప్పుడు కరెంటు పోయినా కంప్యూటర్ తట్టుకుంటుంది, గ్రాఫిక్స్ కార్డు పూర్తిగా పని చేస్తున్నప్పుడు తట్టుకోలేదు. చూసేవారికి అది ‘ఈ గేమ్ ఆడితేనే ఆగిపోతోంది, గేమ్‌లోనే ఏదో ఉంది’ అనిపిస్తుంది.

దీన్ని తేల్చడం సులభం. పనులన్నీ సేవ్ చేసి, ప్రోగ్రాములు మూసి, గేమ్ ఒక్కటే నడుస్తుండగా ఇన్వర్టర్‌కు వెళ్లే మెయిన్ కరెంటును ఎంసీబీ దగ్గర ఆపి చూడండి. తరువాత ప్లగ్గును నేరుగా ఇన్వర్టర్ లేని లైనుకు మార్చి కొన్ని రోజులు నడపండి. మీ ఇన్వర్టర్‌కు వెనుక వైపున యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే దాన్ని ఆ స్థానంలో పెట్టండి, మార్పు వ్యవధి తగ్గుతుంది. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే మాత్రం ఆధునిక ఎస్‌ఎంపీఎస్‌లలోని యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సమంగా తీసుకునేలా చూసే) సర్క్యూట్లకు దానితో పడకపోవచ్చు; కంప్యూటర్‌కు ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరో, విడిగా ఒక యూపీఎస్సో ఉండటం మేలు. ఇంట్లో కరెంటు పోనే లేదు, ఫ్యాను ఆగలేదు, కంప్యూటర్ మాత్రమే ఆరిందంటే అప్పుడు ఎస్‌ఎంపీఎస్ వైపు తిరగాలి. ఆరిన తరువాత వెనుక స్విచ్చు ఆపి వేస్తే తప్ప మళ్లీ ఆన్ కాకపోవడం, ఎస్‌ఎంపీఎస్ తన రక్షణ కోసం తానే తెగగొట్టుకుందనడానికి గట్టి గుర్తు. గ్రాఫిక్స్ కార్డులు సగటున తక్కువే తీసుకున్నా, క్షణమాత్రం అంతకు చాలా ఎక్కువ లాగుతాయి. అందువల్ల పెట్టె మీద 550 అని రాసి ఉన్నా నాసిరకం సరఫరా చాలదు.

వేసవి అనగానే అందరూ వేడి అంటారు, అందులో కొంత నిజముంది. గది ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే లోపలి ఉష్ణోగ్రతలు కూడా దాదాపు అంతే పెరుగుతాయి, మన వీధుల్లో ఎప్పుడూ సాగుతుండే నిర్మాణాల దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య పేరుకుంటే ఇంకా పెరుగుతాయి. కానీ మీ తరం ఇంటెల్ ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరకు వచ్చినప్పుడు ముందు తన వేగం తగ్గించుకుంటుంది, ఆరిపోవడం ఆ తరువాతి మాట. గేమ్ నత్తనడక నడవకుండా, ఉన్నట్టుండి ఆరిపోతుంటే ప్రాసెసర్ వేడిని మొదటి ముద్దాయిగా నేను చూడను. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము పెట్టి, రీడింగులను ఫైలులోకి రాసుకునేలా చేసి ఆడండి. ఆరిపోయే ముందు చివరి వరుసలలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఎంత వేడిగా ఉన్నాయో దొరుకుతుంది.

ర్యామ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, మీ బ్లూ స్క్రీన్‌లకూ, ప్రోగ్రాములు వాటంతట అవి మూసుకుపోవడానికీ నా మొదటి అనుమానం దాని మీదే. 12వ తరం ప్రాసెసర్‌కు డీడీఆర్4లో ఇంటెల్ హామీ ఇచ్చిన వేగం 3200 వరకే. పెట్టె మీది 3600 రావాలంటే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగును ఆన్ చేయాలి, అంటే అది ఓవర్‌క్లాకింగే, హామీ ఇచ్చిన దానికన్నా వేగంగా నడపడమే. చాలా కంప్యూటర్లు దానితో ఏళ్ల తరబడి హాయిగా నడుస్తాయి. కొన్ని మొదట నడిచి, వయసు మీద పడ్డాకో ఎండలు ముదిరాకో తడబడతాయి. కనుక ఒక్క రూపాయి ఖర్చు లేని పరీక్ష ఇది: ఎక్స్‌ఎంపీ ఆపేసి వాడండి. బ్లూ స్క్రీన్‌లు ఆగిపోతే ర్యామ్ చెడిపోలేదు, వేగమే దానికి ఎక్కువైంది. 3200 దగ్గర స్థిరపరచుకోండి, రోజువారీ వాడకంలో తేడా మీకు తెలియను కూడా తెలియదు.

ఆపినా ఆగకపోతే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్ అనే ప్రోగ్రామును పెన్‌డ్రైవ్ మీద వేసి, దాని నుంచి బూట్ చేసి, రాత్రంతా నడపండి. విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ దానంత గట్టిగా పట్టుకోదు. ఒక్క ఎర్రర్ వచ్చినా అది నేర నిరూపణే, రెండో మాట లేదు. ఎర్రర్లు రాకపోతే మాత్రం అది నిర్దోషిత్వ పత్రం కాదు. లోపం గ్రాఫిక్స్ కార్డు కూడా వేడెక్కిన సమయంలోనే బయటపడవచ్చు, మెమ్‌టెస్ట్ నడిచేటప్పుడు ఆ కార్డు చల్లగా ఉంటుంది. ఎర్రర్ వచ్చినప్పుడు ఒక ర్యామ్‌ను తీసి మరొకదానితో అదే స్లాట్‌లో పరీక్షించండి, తరువాత మంచిదని తేలినదాన్ని రెండో స్లాట్‌లో పరీక్షించండి. తప్పు ర్యామ్‌తో పాటు కదిలితే ర్యామ్‌ది, స్లాట్ దగ్గరే నిలిచిపోతే మదర్‌బోర్డుదో, ప్రాసెసర్ సాకెట్‌దో. మీ దుకాణదారుడు మదర్‌బోర్డు అనడానికి ముందు చేయవలసింది ఈ పనే. దుకాణాల్లో ర్యామ్ కాంటాక్టులను రబ్బరుతో రుద్ది పెట్టడం మీరు చూసే ఉంటారు. చాలాసార్లు బాగుచేసేది రబ్బరు కాదు, తీసి మళ్లీ బిగించడం. తుడవాలనుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి, రబ్బరు పొడి స్లాట్‌లో పడితే కొత్త తలనొప్పి.

ఇలాంటి లోపాలు అరుదు కావు. గూగుల్ సర్వర్ల మీద 2009లో వచ్చిన అధ్యయనం ఏడాదిలో 8 శాతానికి పైగా ర్యామ్ మాడ్యూళ్లలో ఎర్రర్లు కనిపించాయని చెప్పింది. 2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఇళ్లలో వాడే సుమారు పది లక్షల కంప్యూటర్ల క్రాష్ వివరాలను పరిశీలించి, హార్డ్‌వేర్ లోపంతో ఒకసారి క్రాష్ అయిన కంప్యూటరు మళ్లీ అలాగే క్రాష్ అయ్యే అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుందని గమనించారు. హార్డ్‌వేర్ లోపం తనంతట తానుగా నయం కాదు. ‘వారం నుంచి రాలేదు, పోయినట్టుంది’ అనుకోవడానికి ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

డిస్కు సంగతి తొందరగా తేలిపోతుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాములో స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు చూడండి. పాత హార్డ్ డిస్కు కూడా ఉంటే దానిలో రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల (చెడిన, చెడినట్టు అనుమానం ఉన్న చోట్ల) సంఖ్య సున్నా కాకుండా పెరుగుతూ ఉంటే ముందు బ్యాకప్ తీయండి, మిగతా పరీక్షలన్నీ ఆ తరువాతే. సీఆర్‌సీ ఎర్రర్ల (సమాచారం దారిలో చెడిపోయిన సందర్భాల) సంఖ్య మాత్రమే పెరుగుతుంటే డిస్కును పారేయకండి, చాలావరకు అది డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ తప్పు, తక్కువ ఖర్చుతో పోయేది.

సాఫ్ట్‌వేర్‌ను అన్యాయంగా వదిలేస్తున్నానని అనుకోవద్దు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ఆరోజు ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఆ యంత్రాలలో ఒక్క భాగం కూడా చెడిపోలేదు. అక్కడ సాఫ్ట్‌వేర్‌ను గుర్తుపట్టించినది ఏకరూపత: వేర్వేరు కంపెనీల యంత్రాలు, ఒకే సమయం, ఒకే ఫలితం. మీ ఇంట్లోని ఒక్క యంత్రానికి కూడా ఇదే ప్రశ్న వేయవచ్చు. మొదటిసారి ఆగిన రోజుకు ముందు ఏమి మారింది? విండోస్‌లోని రిలయబిలిటీ మానిటర్ రోజులవారీగా క్రాష్‌లనూ ఇన్‌స్టాల్ అయిన వాటినీ ఒకే పట్టికలో పక్కపక్కన చూపిస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవరు వచ్చిన మరునాటి నుంచే 278 మొదలైతే డీడీయూ అనే, డ్రైవర్లను తొలగించే ప్రోగ్రాముతో ఆ డ్రైవరును పూర్తిగా తొలగించి పాతదాన్ని వేయండి. రెండు యాంటీవైరస్‌లు, ఆర్‌జీబీ లైట్ల ప్రోగ్రాములు, మదర్‌బోర్డు కంపెనీ ఇచ్చే ఓవర్‌క్లాకింగ్ ప్రోగ్రాములు ఉంటే తీసేయండి. ఇవి తమ సొంత డ్రైవర్లను విండోస్ కర్నెల్‌లోకి చొప్పిస్తాయి. మరో మాట: విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసి ఆన్ చేసినంత మాత్రాన కర్నెల్ కొత్తగా మొదలవదు. డ్రైవరు మార్చాక రీస్టార్ట్ నొక్కితేనే పరీక్షకు విలువ.

ఇవన్నీ చేసినా ఎటూ తేలకపోతే విండోస్‌కు బదులు వాడే ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి, ఇన్‌స్టాల్ చేయకుండా నడిపి, ప్రాసెసర్ మీదా ర్యామ్ మీదా బరువు పడే పని పెట్టండి. మీ విండోస్‌కు సంబంధం లేని ఆ వ్యవస్థ కూడా ఆగిపోతే ఫార్మాట్ గురించిన చర్చ అంతటితో ముగిసినట్టే. అది ఆగకుండా నడిస్తే మాత్రం హార్డ్‌వేర్ తప్పించుకున్నట్టు కాదు, గ్రాఫిక్స్ కార్డు మీద గేమ్ వేసేంత బరువు అక్కడ పడలేదు.

హార్డ్‌వేర్‌కూ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య గీత ఎప్పుడూ స్పష్టంగా ఉండదని కూడా చెప్పాలి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని, తమ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలే ఉండి దాన్ని నడిపే చిన్న ప్రోగ్రాము) అవసరానికి మించిన వోల్టేజిని అడగడం వల్ల క్రమంగా దెబ్బతిన్నాయి; గేమ్‌లలో అది ‘వీడియో మెమరీ చాలదు’ అనే సందేశంగా కూడా కనిపించి, జనం గ్రాఫిక్స్ డ్రైవర్లను మారుస్తూ కూర్చున్నారు. 2024లో ఇంటెల్ కొత్త మైక్రోకోడ్‌ను బయోస్ అప్‌డేట్ల ద్వారా ఇచ్చి, వారంటీని రెండేళ్లు పెంచింది. మీది 12వ తరం కనుక ఇది మీకు వర్తించదు, కానీ బయోస్ అప్‌డేట్ మాత్రం చేయండి. కరెంటు పోయే వేళలో కాకుండా.

పరీక్షించేటప్పుడు ఒకసారి ఒక్కటే మార్చండి. ఈ వారం ప్లగ్గు మార్చి, ఎక్స్‌ఎంపీ కూడా ఆపితే, బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు. మీకు ఈ రెండూ వేర్వేరు లక్షణాలకు సంబంధించినవి కనుక ముందు ప్లగ్గు మార్చి ఆరిపోవడం ఆగిందేమో చూడండి, తరువాత ఎక్స్‌ఎంపీ ఆపి బ్లూ స్క్రీన్‌ల సంగతి చూడండి. అప్పటికీ భాగాలు మార్చి చూడవలసి వస్తే, సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు మొత్తం క్యాబినెట్‌ను తీసుకువెళ్లి, మీ ఎదురుగా వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించి, అదే గేమ్‌ను నడిపి చూపమని అడగండి. ర్యామ్‌లో ఎర్రర్ వచ్చి ఉంటే మెమ్‌టెస్ట్ తెరను ఫోటో తీసి బిల్లుతో పాటు పెట్టుకోండి. ర్యామ్‌కు చాలా కంపెనీలు పదేళ్ల వారంటీనో, జీవితకాలపు వారంటీనో ఇస్తాయి. జతగా కొన్న ర్యామ్ అయితే రెండింటినీ కలిపి పంపమని కంపెనీ అడగవచ్చు, కనుక అవి వచ్చేదాకా వాడుకోవడానికి ఒకటి అరువు తెచ్చుకోవలసి ఉంటుంది.